వేలికి కాని ఉంగరం

3 జూన్ 1962, ఆదివారం

అరవై ఆరేళ్ళ వయసులో నేను పెళ్ళి చేసుకోలేదు. మతమూ మారలేదు. మహబూబ్‌నగర్‌లో సగంమంది ఈ రెండూ నమ్ముతున్నారు కనుక, కనీసం ఈ నోటుబుక్కులోనైనా నిజం ఉండాలని రాస్తున్నాను. జడ్చర్ల మిషను దవాఖానాలో నాకు ఉంగరం పెట్టిన మాట వాస్తవమే. అది వేలికి కాదు.

జారిన గర్భసంచిని లోపల నిలిపి ఉంచే రబ్బరు రింగు అది. అక్కడి ఆయా బాలనర్సమ్మ బస్సులో ఎవరితోనో, పెద్ద పంతులమ్మకు డాక్టరమ్మ ఉంగరం పెట్టిందన్నదట. మాట మా వీధికి చేరేసరికి డాక్టరమ్మ తప్పుకొని ఒక కిరస్తానీ కాంపౌండరు ప్రవేశించాడు. ఇంటిపని చేసే సైదమ్మ, పెండ్లి పిలగానికి మీసాలున్నయా అమ్మా అని నన్నే అడిగింది.

ఖండించవచ్చు. ఖండించాలంటే ఉంగరం ఎక్కడుందో చెప్పాలి.

9 జూన్

మూడేళ్ళ తర్వాత గుడ్డ ఒత్తుకోకుండా మార్కెట్టు దాకా నడిచాను. దారిలో తుమ్మాను. ఏమీ జారలేదు. మరొకసారి తుమ్మాలనిపించింది.

18 జూన్

డాక్టరమ్మ వ్యాయామం కూడా చెప్పింది. మూత్రం ఆపుకున్నట్లు బిగించి, కాసేపు ఉంచి వదలాలి. ట్యూషను పిల్లలు పదిహేడో ఎక్కం ఒప్పజెబుతుంటే మెట్టుకొక బిగింపు చొప్పున చేస్తున్నాను. అప్పుడు నా ముఖం మరీ గంభీరంగా ఉంటుందేమో, వాళ్ళు భయపడి ఇంకా స్పష్టంగా చదువుతున్నారు.

2 జూలై

తమ్ముడు దశరథం భార్యతో సహా హైదరాబాదు నుంచి దిగాడు. పుకారు అక్కడికీ చేరింది. పరువన్నాడు, వంశమన్నాడు. తోడబుట్టినవాడికి ఈ సంగతి ఎలా చెప్పను? మరదలు కౌసల్యను వంటింట్లోకి పిలిచి చెప్పాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకొని నవ్వి, పెండ్లంటనే జర నయముండె వదినె, గిది నేనెట్ల చెప్పాలె ఆయనకు అన్నది.

ఎలాగో చెప్పింది. ఆ తర్వాత వాడు గోడను చూస్తూ మాట్లాడాడు. అక్కా, గా రబ్బరుముక్క కడిగిపిచ్చేందుకు మూడు నెలలకోసారి దవాఖానకు నిన్నెవరు తిప్పుతరు, ఆపరేషన్ చేపిద్దాం, ఇల్లు కిరాయికిచ్చి మా దగ్గరనే ఉండు అన్నాడు. హైదరాబాదు వెళ్ళగానే పెద్ద దవాఖానాలో సెప్టెంబరు పదో తేదీకి బెడ్ ఖాయం చేసి ఉత్తరం రాస్తానన్నాడు.

వాడి ప్రేమను శంకించను. కానీ ఆ ఆపరేషన్ బల్ల మీదినుంచి దిగాక నేను నా ఇంటికి రాను. వాడి ఇంటికి పోతాను.

21 జూలై

బెడ్ ఖాయమైనట్లు ఉత్తరం వచ్చింది. జడ్చర్ల వెళ్ళాను. ఆపరేషన్ తప్పదా అని అడిగాను. రింగు సరిపడినంత కాలం అక్కర లేదనీ, రక్తం కనిపించినా పుండు పడినా వెంటనే రావాలనీ డాక్టరమ్మ చెప్పింది. అయితే దాన్ని తీసి, కడిగి, మళ్ళీ పెట్టుకోవడం నాకే నేర్పమన్నాను. ఆమె కళ్ళద్దాలు తీసి, గిట్ల ఎవ్వరడగలే ఇంతవరకు అన్నది.

ఆమె చూపినట్లే అక్కడే చేతులు కడుక్కొని, ఒక కాలు స్టూలు మీద పెట్టి, రింగును మడిచాను. అది చేజారి గదంతా దొర్లి బీరువా కిందికి పోయింది. ముప్పై ఏళ్ళు జ్యామితి బోధించాను. ఒక వృత్తం నన్ను ఇంతగా అవమానిస్తుందనుకోలేదు.

22 జూలై

కుదరలేదు.

29 జూలై

కుదరలేదు. సైదమ్మ స్నానాలగది తలుపు బాది, ఉన్నవా అమ్మా, పోయినవా అని అరిచింది.

5 ఆగస్టు, ఉదయం 7 గంటలు

కుదిరింది! కూర్చున్నాను, వంగాను, వాకిలి ఊడ్చాను. నిలిచింది. సైదమ్మ చీపురు లాక్కొని, నా పని నాకుండనియ్యవా అని తిట్టింది. రెండు గ్లాసుల కాఫీ తాగాను.

3 సెప్టెంబరు

దశరథం పోస్టుకార్డు వచ్చింది. శనివారం కారు తెస్తాడట, సామాను కట్టుకొని ఉండాలట.

ఆ బెడ్ మరొకరికి ఇవ్వవలసిందని పెద్ద దవాఖానాకు ఆగస్టు ఆరో తేదీనే రాశాను. ఇచ్చామని జవాబు కూడా వచ్చింది. శనివారం వాడికి పచ్చిపులుసు చేస్తాను.