పైడి చెప్పిన నొప్పి

మంగళవారం రాత్రి, నర్సీపట్నం

పుట్టినప్పటి నుంచి మాట రాని నా చెల్లి పైడి, ఇరవై నాలుగేళ్లకు ఈరోజు తన నొప్పి తానే డాక్టరు గారికి చెప్పుకుంది.

మూడు రోజులుగా అన్నం ముట్టడం లేదు. కడుపు నొప్పే అనుకుని వాము నీళ్లు పట్టించాను. ఆసుపత్రిలో డాక్టరు గారు నన్నే అడిగారు.

“ఏటయిందమ్మా పిల్లకి?”

“కడుపు నొప్పండీ” అంటుండగానే పైడి నా చెయ్యి పట్టుకుని ఆపింది. వెంట తెచ్చుకుని ఒళ్లో పెట్టుకున్న, మాటల బదులు చూపించే బొమ్మల అట్ట మీద వేలు మెల్లగా జరిపి ‘కాదు’ బొమ్మ చూపించింది. తర్వాత ‘పన్ను’. తర్వాత ‘నొప్పి’.

డాక్టరు గారు కుర్చీ పైడి వైపు తిప్పుకున్నారు. “ఏ పక్కమ్మా? నువ్వే సూపించు.”

ఎడమ దవడ చూపించింది. నోరు తెరిపిస్తే పన్ను పుచ్చి, చిగురు వాచి ఉంది.

ఏడాదిగా రోజూ సాయంత్రం పైడిని ఆ అట్ట ముందు కూర్చోబెడుతున్నాను. “బొమ్మలు సూపిత్తే మాటలొచ్చేత్తాయేటే?” అని అమ్మ నవ్వేది. వచ్చాయమ్మా! కానీ అట్ట లేని అన్నేళ్లలో పైడి నొప్పులు ఎన్నింటికి నేను తప్పు పేరు పెట్టానో...

తిరిగొస్తూ ఆటోలో అడిగాను. “మూడ్రోజుల్నుంచి నాకెందుకు సెప్పలేదే?”

పైడి వరసగా మూడు బొమ్మలు చూపించింది. ‘అక్క’. ‘అడుగు’. ‘లేదు’.

నిజమే, ఒంట్లో బాగోలేదు కదా అని ఈ మూడు రోజులూ అట్ట తీసి పైడి ముందు పెట్టలేదు. నన్ను తప్పుపట్టడం కూడా వచ్చేసింది నా చెల్లికి! సిగ్గుపడాల్సింది పోయి ఆటోలో అందరూ తిరిగి చూసేలా నవ్వాను.