కుడి లైటులో గళ్ల చొక్కా

శ్రీవారికి,

మీ ఇల్లాలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ పాపా క్షేమం. వంటింటి కుళాయి మాత్రం క్షేమంగా లేదు, వెళ్లేముందు మీరు బాగుచేసిన రోజు నుంచీ కారుతూనే ఉంది. మీరు కులాసాగా ఉన్నారని ఉత్తరం విప్పగానే తెలిసింది. ఒంట్లో బాగాలేని మనిషి బండి గురించి మూడు పేజీలు రాయలేడు.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. పాప లెక్కల్లో బాగానే ఉంది, నా పోలిక. నీలం స్వెట్టరు మీ పెట్టె అడుగునే ఉంది, మీ చేతులతో మీరే పెట్టుకున్నారు, కాస్త వంగి వెతకండి. వంతెన పని దగ్గర నీళ్లు బాగాలేవన్నారు కదా, కాచి తాగండి. కాచడం అంటే వేడి చేయడం కాదు, మరగనివ్వాలి.

ఇక బండి. "ప్రెసిడెంటు గారు ఏమన్నారు? ఆయన చెప్పినట్టే చేస్తున్నావు కదా?" అని పేజీకోసారి అడిగారు. పాత కార్ల క్లబ్బు ప్రెసిడెంటుకి మీరిచ్చే మర్యాదలో పావువంతు మా నాన్నకి ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది! ఆ బండి ఆయనది కదండీ, మరిచిపోయినట్టున్నారు. "బండి అమ్మాయికి" అని మీ ఎదుటే చెప్పి పోయాడు. మీరు కాగితాలు మీ పేర రాయించుకుని, తోలు గ్లౌజులు కొనుక్కుని, నన్ను పక్క సీట్లో బొమ్మలా కూర్చోబెట్టారు.

ఆ ఆదివారం కూడా పక్క సీట్లోనే ఉన్నాను. క్లబ్బు వాళ్లందరి ముందూ ప్రెసిడెంటు గారి గేటులోంచి ఒంటిచేత్తో తిప్పి చూపిస్తానని బయలుదేరారు. బ్రేకు ఎడమకి లాగుతోందని ముందురోజే చెప్పాను. "నీకేం తెలుసు, నువ్వూరుకో" అన్నారు. ఊరుకున్నాను. గేటు స్తంభం ఊరుకోలేదు.

ఎడమ మడ్‌గార్డు నలిపిన కాగితంలా అయింది, ఎడమ లైటు పొడిపొడి అయింది. కుడి లైటుకి గీత కూడా పడలేదు. అదే చెప్పబోయాను. ఈలోగా ప్రెసిడెంటు గారు తొంగిచూసి, నాలుక చప్పరించి, "లోపల దెబ్బతిందండీ, రెండు లైట్లూ పోయినట్టే" అన్నారు. మీరు బొప్పి కట్టిన నుదురు పట్టుకునే తలూపారు. బండి ఆయన షెడ్డుకి వెళ్లింది, మీరు రైలెక్కారు.

ఆయన షెడ్డులో రేకు పని చేసే ముసలాయన ఉన్నాడు. మడ్‌గార్డు, ముందు జాలీ ఆయనే సాపు చేశాడు. మిగిలింది లైట్లే. పాత సామాన్ల షాపులన్నీ నేనే తిరిగాను. మొదటివాడు నా భుజం మీదుగా వీధిలోకి చూసి, "మీవారు రాలేదామ్మా?" అన్నాడు. రెండోవాడికి బండి ఏ ఏటిదో, లైటు కొలత ఎంతో చెబితే, "ఎందుకైనా మంచిది, మీవారిని ఒకసారి కనుక్కుని రండి" అన్నాడు. మూడోవాడు కుర్చీ తుడిచి, కూల్‌డ్రింకు తెప్పించి, స్కూటరు లైటు చేతిలో పెట్టి, "అచ్చం ఇదే మేడమ్" అన్నాడు. కూల్‌డ్రింకు తాగి వచ్చేశాను.

పోయిన వారం ప్రెసిడెంటు గారు స్వయంగా ఇంటికి వచ్చారు. తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు, చేతిలో వెల్వెట్ పెట్టె. అందులో తళతళలాడుతూ ఒక లైటు.

"ప్రపంచం మొత్తం మీద ఇలాంటివి ఐదారు మిగిలి ఉంటాయేమోనమ్మా. సముద్రాలు దాటి వచ్చింది. కానీ రెండోది దొరికే ప్రశ్నే లేదు. ఒంటికన్ను బండి ఇంటి ముందు పెట్టుకుంటే మీకే చిన్నతనం. నెలాఖరులోపు రెండో లైటు దొరక్కపోతే బండి నాకే ఇచ్చేస్తానని మీవారు రాశారు. దీని ఖరీదంటారా, మనలో మనకెందుకు, బండితోనే సర్దుకుందాం."

మీరు అలా రాశారని ఆయన నోట వినాల్సి వచ్చింది. నాకు రాసిన మూడు పేజీల్లో ఆ ఒక్క ముక్కకి చోటు చాలలేదు కాబోలు. ఒళ్లు మండిపోయింది. పెట్టె ఇక్కడ వదిలి వెళ్లమని మర్యాదగానే అన్నాను.

ఆయన వీధి మలుపు తిరగగానే స్క్రూడ్రైవర్ తెచ్చి లైటు అంచు ఊడదీశాను. లోపల గుండ్రంగా చుట్టి, గళ్ల చొక్కా పీలిక. ఎర్రదారంతో వంకర కుట్టు. ఆ కుట్టు నాది, ఆ చొక్కా నాన్నది. గతుకుల్లో కుడి లైటు గలగలలాడుతుంటే చిన్నప్పుడు నేనే ఆయన చినిగిన చొక్కా చించి కుట్టి అందులో కుక్కాను. సముద్రాలు దాటి వచ్చిందట! మన లైటు మనకే, వెల్వెట్ పెట్టెలో! ఇన్నేళ్లుగా పాత బండ్లు పోగేస్తున్న పెద్దమనిషి ఒక్కసారైనా సొంత చేత్తో స్క్రూ విప్పి ఉంటే ఇలా దొరికిపోయేవాడు కాదు. పడీపడీ నవ్వాను. తర్వాత ఆ పీలిక ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నాన్న పశువుల మందుల వాసన ఏమీ మిగల్లేదు, అంతా గ్రీజే. ఏడ్చాను. మీ దగ్గర దాచడం దేనికి.

రెండో లైటు పాత ఇనుము కొట్టులో దొరికింది. ఏదో లారీది, మనదానికంటే కాస్త పెద్దది. ఆదివారం రెండూ సంచిలో వేసుకుని, పాపని వెంటబెట్టుకుని షెడ్డుకి వెళ్లాను. మీ క్లబ్బు పెద్దలందరూ టీ తాగుతున్నారు. అందరి ముందూ ఆ పీలిక బయటికి లాగి, "ఇది ఏ దేశపు చొక్కా అండీ?" అని అడిగాను.

"అది... ప్యాకింగు అయి ఉంటుందమ్మా."

"మీ ప్యాకింగులోకి నా కుట్టు ఎలా వచ్చిందండీ?"

అందరికీ ఒక్కసారిగా టీ కప్పులో ఏదో కనిపించినట్టుంది. మీరు గురువుగారు గురువుగారు అని వెంటపడే మనుషులు వీళ్లు. ముసలాయన లారీ లైటు అటూ ఇటూ తిప్పి, "ఇది సరిపోదమ్మా" అన్నాడు. "సరిపెట్టండి" అన్నాను. రేకుతో ఒక చుట్టు చేసి సరిపెట్టాడు. కుడి లైటులో పీలిక మళ్లీ నేనే కుక్కాను.

తాళం అడిగితే ప్రెసిడెంటు గారికి ఊపిరి వచ్చింది. "ఎవరు తోలతారమ్మా? ఇది ఆడవాళ్లకి లొంగే బండి కాదు. డ్రైవర్ని పిలిపిస్తానుండండి."

ఇక్కడ మీకో మాట చెప్పాలి. పెళ్లయిన రోజు నుంచీ చెప్పనిది. నాకు కారు తోలడం వచ్చు. అది కూడా ఈ కారే. నాన్న పశువుల డాక్టరు కదా, ఈనలేని ఆవు పక్కన రాత్రంతా కూర్చుని తెల్లారి తిరిగి వచ్చేటప్పుడు కళ్లు మూతలు పడేవి. అందుకే నాకు నేర్పాడు. ఆయన వెనక సీట్లో గురకపెడుతుంటే ఇంటిదాకా నేను తోలేదాన్ని. లైసెన్సు మీకంటే ముందే తీసుకున్నాను. గడువు తీరినప్పుడల్లా, మీరు ఆఫీసుకి వెళ్లాక, వెళ్లి పొడిగించుకుంటూనే ఉన్నాను.

ఎందుకు చెప్పలేదంటారా? కాపురానికి వచ్చిన కొత్తలో మీ స్నేహితులతో, "మా ఆవిడకి స్టీరింగు చూస్తేనే కళ్లు తిరుగుతాయి" అని నవ్వారు. నన్ను అడిగి ఆ మాట అనలేదు. ఎప్పుడైనా అడుగుతారేమోనని చూశాను. పోనుపోనూ చెప్పకపోవడంలోనే నాకు సుఖం దొరికింది. మీరు గేరు మార్చినప్పుడల్లా బండి పళ్లు నూరేది, నేను కిటికీలోంచి బయటికి చూస్తూ లోలోపల నవ్వుకునేదాన్ని. నోరు విప్పి ఉంటే నాన్న బండికి ఆ దెబ్బ తప్పేదేమో. ఆ ముక్క మాత్రం నన్ను పొడుస్తోంది.

సరే, ఎక్కాను. బ్రేకు ఇంకా ఎడమకే లాగుతోంది, దానికి తగ్గట్టు పట్టుకుని, అదే గేటులోంచి, అదే స్తంభం పక్క నుంచి వెనక్కి తీశాను. పెయింటు కూడా రాలలేదు. ప్రెసిడెంటు గారు టీ కప్పుతో అలాగే నిలబడిపోయారు. వీధి దాటాక పాప, "అమ్మా, నాన్నకి కూడా నేర్పుతావా?" అంది. చూద్దాంలే అన్నాను.

బండి ఇప్పుడు మన ఇంటి ముందుంది. ఒక కన్ను చిన్నది, ఒక కన్ను పెద్దది. ఇక దీన్ని క్లబ్బులో చూపించుకోలేరు, ఆ పీడ వదిలింది. మీరు వచ్చాక కాగితాల మీద పేరు మారుద్దాం. నేను అడగడం లేదు, చెబుతున్నాను.

ఏ రైలుకి వస్తున్నారో రాయండి, స్టేషనుకి నేనే వస్తాను. గ్లౌజులు ఇంట్లోనే ఉన్నాయి, కుళాయి బిగించడానికి పనికొస్తాయి. ముందు సీటు పాప ఇప్పటికే తనదనేసింది, మీరు వెనక కూర్చోవాలి. ప్రయాణం చేసి అలిసిపోయి ఉంటారు, కళ్లు మూతలు పడితే పడుకోండి. నన్ను నమ్మి ఆ సీట్లో నిద్రపోయిన మనిషి ఇప్పటిదాకా ఒక్కడే.

ఇట్లు,
పశువుల డాక్టరు గారి అమ్మాయి,
మీ భార్య