పలకల పెట్టెలో పద్యాలు

పోయినోడికి ఉత్తరమేందని రాయకుండా ఊరుకుందామనుకున్నా, వెంకటయ్య బావా. కానీ నీ కొడుకు సంగతి నీకు గాక ఎవరికి చెప్పేది?

వాడు పద్యాలు కడుతున్నాడు. మార్కాపురంలో వినేవాళ్లు లేరని, నువ్వు పనిచేసిన కార్ఖానా నుంచే మద్రాసుకు పోయే కొత్త పలకల మీద పలకకొక పద్యం బలపంతో రాసి పెట్టెలో సర్దినాడు.

"పెట్టె విప్పినోడల్లా చదువుతాడు మామా!" అని అచ్చం నీలాగే నవ్వినాడు.

పలకలు పగలకుండా నడుమ ఎండుగడ్డి పెట్టడం నువ్వు నేర్పిందే. (గడ్డంటే గుర్తొచ్చింది, నీ ఎద్దు ఇప్పుడు మా కొట్టంలోనే మేస్తా ఉంది.) రైలు కుదుపులకు ఆ గడ్డే రాతంతా తుడిచేస్తుందని చెబుదామని స్టేషనుకు పోయినా.

"కింద నా పేరు రాసినా మామా, నాయన పేరుతో కలిపి," అన్నాడు.

పెట్టె ఎక్కించడానికి నేనూ ఒక చెయ్యి వేసినా. గూడ్సుబండి కదిలిపోయింది.