మట్టి పిట్ట వెనకాల

బాపూ,

ఎలా ఉన్నావ్? నువ్వు పోయాక రెండో దసరా కూడా దాటిపోయింది. ఇప్పుడు యాసంగి మక్కజొన్న కంకి వేసింది. అవ్వ బాగానే ఉంది, మోకాళ్ళే సతాయిస్తున్నాయి. నేను ఇంకా కరీంనగర్‌లోనే ఉన్నాను. అదే కండక్టర్ పని, అదే బస్సు, అదే టికెట్ల మిషను, చిల్లర కోసం అవే కొట్లాటలు. సెలవు దొరికితే ఆదిలాబాద్ బస్సెక్కి ఊరికి వస్తున్నాను.

నీ తుపాకి సంగతి చెప్పాలని కూర్చున్నాను.

నువ్వు పోయిన వారంలోనే దాన్ని పోలీస్ స్టేషన్‌లో జమ చేశాం. లైసెన్సు ఉన్న మనిషి పోతే ఇంట్లో ఉంచుకోకూడదట. పందుల నుంచి చేను కాపాడుకోమని నీకిచ్చిన తుపాకి... ఇన్నేళ్ళలో ఒక్క పందికీ దాని దెబ్బ తగల్లేదు. ఆకాశాన్ని వేటాడతావని ఊరంతా నవ్వేది. నువ్వేమో "తుపాకి చప్పుడుకే బిడ్డా, సావుకు గాదు" అని బీడీ ముట్టించుకునేవాడివి.

తమ్ముడు మస్కట్ నుంచి వచ్చేశాడు. ఇక పోడట. నీ దినాల నాడే, ఫోటోకి వేసిన దండ వాడకముందే, తుపాకి తన పేరు మీదికి మార్చాలని మొదలుపెట్టాడు సురేందర్. ఎందుకో తెలుసా? కొత్త ఇంటి హాల్లో గోడకు తగిలించడానికి. దోస్తుల పెళ్ళిళ్ళలో, బరాత్ ఊరేగింపు ముందు గాల్లోకి కాల్చడానికి. ఫోన్లో చూపించాడు కూడా. ఎవడో పెళ్ళికొడుకు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని తుపాకి ఎత్తి పట్టుకున్నాడు, పక్కన చిన్నపిల్లలు ఎగురుతున్నారు. ఛీ... నీ చేతి చెమటతో నల్లబడిన ఆ తుపాకి కట్టె వాళ్ళ చేతుల్లోకి పోవాలా?

నాకే కావాలన్నాను. ఆడదానికి తుపాకెందుకని బంధువులంతా మూతులు తిప్పారు. మమ్మల్ని కన్న అవ్వ సంతకం లేనిదే ఇద్దరిలో ఎవరికీ రాదు. ఆమె మా ఇద్దరి ముఖాలూ చూసి, "ఎవ్వలు సక్కగ పట్టుడు నేర్సుకుంటె వాళ్ళకే. ఏడాది తిరిగినంక దసరా నాడు చెప్త" అని లోపలికి పోయింది. సురేందర్ నవ్వాడు. తనకు ఎప్పుడో వచ్చట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అందుకే హైదరాబాద్ అవతల ఒక షూటింగ్ రేంజ్‌లో చేరాను బాపూ. తుపాకి పట్టడం నేర్పుతారని తెలిసి ఒక్కదాన్నే పోయాను. ఆటోవాడు అక్కడ దించి, లోపల వంటపనికా అమ్మా అని అడిగాడు. గేటు దగ్గరి మనిషి నన్ను దాటి నా వెనక్కి చూశాడు, నన్ను వెంటబెట్టుకొచ్చిన మగమనిషి ఎక్కడున్నాడోనని. నా వెనక ఎవరున్నారు? బస్సులో డెబ్బై మందిని తోసుకుంటూ తిరిగేదాన్ని, నాకు తోడెందుకు?

అక్కడ అన్నీ పెద్ద కార్లు. అందరూ గుంపులుగా వస్తారు, సొంత తుపాకులు, సొంత టోపీలు. ఒంటరిగా వచ్చిన కొత్తవాళ్ళకు రేంజ్ వాళ్ళవే ఇస్తారు. నాకిచ్చిన కోటు ఎవరి చెమటతోనో పుల్లగా కంపు కొట్టింది. చెవులకు పెట్టుకునే డిప్పలకు వేరే ఎవరిదో తలనూనె. పక్కనొకడు కాల్చేది తక్కువ, ఫోటోలు దిగేది ఎక్కువ. కాల్చిన తర్వాత తుపాకి గొట్టాన్ని ముద్దు పెట్టుకుంటాడు!

వాళ్ళు పిట్ట అనేది పిట్ట కాదు. చిన్న మూకుడంత నారింజ రంగు బిళ్ళ. మట్టి పిట్ట అంటారు గానీ మట్టి కూడా కాదట, తారూ సున్నప్పొడీ కలిపి చేస్తారట. మనం "పుల్" అని అరిస్తే మిషను దాన్ని ఆకాశంలోకి విసురుతుంది. అది ఎగురుతుండగా పగలగొట్టాలి. నేలంతా ఆ పెంకులే... నడుస్తుంటే చెప్పుల కింద కరకరమంటాయి. పెద్ద పెద్ద మనుషులు పొద్దంతా మూకుళ్ళు పగలగొట్టి చేతులు కలుపుకుంటారు. నువ్వు చూస్తే ఏమనేవాడివి?

నేర్పే సారు మంచివాడే. మిలిటరీలో చేసి వచ్చినాయన. ముందు ఖాళీ తుపాకి ఇచ్చాడు. గొట్టం ఎప్పుడూ ఎటు చూడాలి, విప్పి ఎలా మోయాలి, వేలు ఎప్పుడు ట్రిగ్గర్ మీద పెట్టాలి... ఇవి వచ్చేదాకా తూటా ముట్టనివ్వలేదు. ఒక కన్ను మూయొద్దు, రెండూ తెరవమన్నాడు. చెంప కట్టెకు ఆనించమన్నాడు. నేను భయపడి మొహం ఎత్తేదాన్ని, కట్టె వచ్చి దవడకు తగిలేది. భుజం వంకాయలా కమిలింది. బస్సులో ఒకామె చూసి, మీ ఆయన కొట్టిండా అని జాలిపడింది.

ఇంతా చేస్తే ఒక్క పిట్ట పగలదు! పోయిన ప్రతిసారీ అంతే. పక్కవాళ్ళు నాకు వినబడేలా నవ్వేవాళ్ళు. దెబ్బ ప్రతిసారీ పిట్ట వెనకాలే పోతోందని, కాస్త ముందుకు కాల్చాలని సారు చెప్పీ చెప్పీ విసిగిపోయాడు. పైకీ కాదు, కిందికీ కాదు, వెనకాలే! ఇలా ఒకే తీరుగా తప్పేవాళ్ళను తాను చూడలేదన్నాడు. ఎవరైనా నేర్పారా అని అడిగాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక గుర్తొచ్చింది బాపూ... నువ్వే నేర్పావు.

చిన్నప్పటి జొన్న చేను, మంచె, నా చేతిలో వడిసెల. కంకుల మీద చిలుకలు దిగితే నేను సరిగ్గా వాటికే గురిపెట్టేదాన్ని. నువ్వు నా మణికట్టు పట్టుకుని ఆపేవాడివి. "పిట్ట ఎనుక ఎయ్యి బిడ్డా. ముందట ఏస్తె మల్ల మన చేన్లకే మర్లి వస్తయి. ఎనుక ఏస్తె అట్లనే పోతయి. పోయేదాన్ని పోనియ్యాలె." ఎన్ని ఎండలు అలా విసిరాను? నా చెయ్యి తప్పడంలో ఆరితేరింది. ఇన్నేళ్ళ తర్వాత ఎవరిదో తుపాకి పట్టుకున్నా అది నీ మాటే వింటోంది. బస్సులో ఏడ్చాను. టికెట్ కొట్టే పిల్ల కండక్టర్ పాపం నీళ్ళ సీసా ఇచ్చింది.

తర్వాతిసారి పోయినప్పుడు నీ మాట కావాలనే జవదాటాను. పిట్ట కంటే ముందుకు పోనిచ్చి కాల్చాను. అది గాల్లోనే నారింజ పొడి అయిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. గొట్టం ముద్దుగాడు కూడా. నాకు ఒక పక్క ఒళ్ళు జలదరించింది, ఇంకో పక్క... దాచను బాపూ, సంతోషం వేసింది. ఆ సంతోషం చూసుకుని నా మీద నాకే రోత పుట్టింది. తర్వాత చాలా పగలగొట్టాను.

ఇక దసరా. నువ్వున్నప్పుడు నువ్వూ నేనూ తమ్ముడూ ముగ్గురం చేని గట్టు మీద నిలబడేవాళ్ళం, ఆ రోజు చూస్తే శుభమనే పాలపిట్ట కోసం. కనబడని ఏడు ఉత్తగానే ఇంటికి నడిచేవాళ్ళం. "పిలిస్తె వస్తదా అది? దాని ఇష్టం" అనేవాడివి. ఈసారి సురేందర్ పంజరంలో పెట్టుకుని తెచ్చాడు. అవ్వకు మోకాళ్ళ నొప్పి కదా, ఇంట్లోనే చూపిద్దామని. ఊళ్ళో చాలామంది అంతే చేస్తున్నారిప్పుడు. వాకిట్లో పెట్టి దండం పెట్టమన్నాడు. ఆ నీలి రెక్కలు దారంతో చుట్టి ఉన్నాయి. నోరు తెరుచుకుని రొప్పుతోంది. దాని పక్కన నిలబడి సెల్ఫీ దిగుతున్నాడు వాడు. థూ! పండుగ పూట ఇంతకంటే ఏమనను?

అవ్వ వంగి చూసింది. దండం పెట్టలేదు. "నీకు పట్టుడే తెల్సు కొడుకా, ఇడుసుడు తెల్వది" అంది. తుపాకి ఎవరిదో ఆ మాటతోనే తేలిపోయింది.

దారం నేనే కత్తిరించాను. అది ఎగరలేదు. గెంతుకుంటూ పత్తి సాళ్ళలోకి దూరింది. బతికిందో, కుక్క నోట పడిందో...

సంతకాలయ్యాయి. ఆఫీసుల చుట్టూ తిరగ్గా తిరగ్గా లైసెన్సు నా పేరు మీదికి వచ్చింది. సురేందర్ నాతో మాట్లాడటం లేదు. మొన్న నీ తుపాకి ఇంటికి తెచ్చాను. నూనె వేసి తుడుస్తుంటే కట్టెలో నీ బీడీ వాసన ఇంకా ఉందనిపించింది. నిజంగా ఉందా?

నిన్న పొద్దుగూకే వేళ పందులు వాగు దాటి మక్కలోకి వచ్చాయి. ముందు తల్లి, వెనక పిల్లలు. తుపాకి ఎత్తాను. గొట్టం దానంతటదే తల్లి పంది కంటే కాస్త ముందుకు జరిగి నిలబడింది. కొట్టగలనని తెలిసిపోయింది. ఇదివరకు నేను తప్పింది చేతగాక. ఇప్పుడు?

గొట్టం పైకెత్తి, వాటి వెనకాల ఆకాశంలోకి కాల్చాను. వచ్చినవి వచ్చినట్టే చేను దాటి అడవిలోకి పోయాయి.

ఇంటికి వచ్చేసరికి అవ్వ గోడ పట్టుకుని గడపలో నిలబడి ఉంది. మోకాళ్ళ నొప్పితో ఎలా లేచి వచ్చిందో. "చప్పుడు ఇనంగనె మీ బాపు చేన్ల ఉన్నడనుకున్న" అంది. కాళ్ళు కడుక్కుంటానని బావి దగ్గరికి పోయాను.

తుపాకి తుడిచి లోపల పెట్టాను బాపూ. పెళ్ళిళ్ళకు ఎవరడిగినా ఇవ్వను. పందులు రాకపోయినా, ఊరికి వచ్చినప్పుడల్లా చేని గట్టు మీద ఆ చప్పుడు ఒకసారి చేస్తాను. అవ్వ వింటుంది.

నీ బిడ్డ,
స్వరూప