నిటారు నడక

అపియా,
శనివారం

నాన్నా,

ఈ ఉత్తరం నువ్వు ఒక్కడివే చదువుకో. ఫెర్రీలో ఊరికి వస్తున్న మాలియా చేతికిచ్చి పంపుతున్నాను. ఫోనులో చెప్పలేకపోయాను. ఎందుకన్నది ఇందులోనే ఉంది.

సియేని అత్త అంత్యక్రియల రోజు మన ఊరి పెద్దలంతా స్తంభాలకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. పిన్ని నా చేతిలో పళ్ళెం పెట్టి, “అటు చివర ఉన్నవాళ్ళకు ఇచ్చిరా” అంది. కూర్చున్న పెద్దల ముందు నుంచి వెళ్ళేటప్పుడు నడుము వంచి, “తులౌ, తులౌ” అంటూ క్షమాపణ అడుగుతూ దాటాలని నాకు నడక రాకముందే నేర్పావు. ఆ రోజు నేను వంగలేదు. తులౌ అనలేదు. మెడ బిగించి, ఎదురుగా ఉన్న ఒక్క స్తంభాన్నే చూస్తూ దాటేశాను. వెనకాల పిన్ని అన్న మాట నాకు వినిపించింది. “చూశారా మహారాణిని! కాలేజీ చదువుతో కళ్ళు నెత్తికెక్కాయి.” నువ్వు అందరి ముందూ మోకాళ్ళ మీద కూర్చుని నా తరఫున తప్పు ఒప్పుకున్నావు. మర్నాడు బస్సు దగ్గర నా ముఖం చూడకుండానే అన్నావు: “వంగడం గుర్తొచ్చిన రోజున రా. అప్పటిదాకా ఆ పట్నంలోనే నిలబడి ఉండు.”

నాన్నా, నా కళ్ళు నెత్తికెక్కలేదు. చెవిలోకి దిగాయి. నిజంగానే చెబుతున్నాను. నా కనుగుడ్లు కదిలితే ఆ చప్పుడు నాకు వినిపిస్తుంది, తడి ఇసుకలో చాప ఈడ్చినట్టు. నేను మాట్లాడితే నా గొంతు నా పుర్రెలోనే డప్పులా మోగుతుంది. ఎవరైనా గట్టిగా పాడినా, నేను బరువెత్తినా, తల వంచినా, నేల పడవలా ఒక పక్కకు ఒరిగిపోతుంది. బడిలో పిల్లలు ఎక్కాలు అరుస్తుంటే బల్ల పట్టుకుని నిలబడి పాఠం చెబుతాను. “టీచర్ మళ్ళీ బల్లను కాపలా కాస్తోంది” అని వాళ్ళు నవ్వుకుంటారు. నేనూ నవ్వుతాను. సాయంత్రానికి నవ్వే ఓపిక కూడా ఉండదు. చర్చిలో బృందగానం మొదలవుతుందంటే ముందే బయటికి వచ్చేస్తున్నాను. దేవుడి మీద భక్తి తగ్గిందనే మాట అక్కడ కూడా వచ్చింది.

న్యూజీలాండ్ నుంచి అప్పుడప్పుడు వచ్చే చెవి వైద్యుడు ఫొటోలు తీయించి చూపించాడు. లోపలి చెవిలో మన తూకం చూసుకునే గొట్టాలు ఉంటాయట. వాటిలో ఒకదాని మీద ఉండాల్సిన ఎముక నాకు ఒకచోట లేదు. చిన్న చిల్లు. ఆ చిల్లులోంచి చప్పుడూ ఒత్తిడీ లోపలికి దూరి తూకాన్ని తప్పిస్తాయి. చాలామంది వైద్యులకే ఈ జబ్బు తెలియదన్నాడు. పిచ్చి కాదు, తాగుడు కాదు అని అతను చెప్పినప్పుడు అక్కడే ఏడ్చేశాను. ఆపరేషన్ ఉంది కానీ ఇక్కడ చెయ్యరు. అంతవరకూ వంగకు, బరువులు మొయ్యకు అన్నాడు. మన దగ్గర ఆడపిల్లతో ఎవరైనా అనగలిగే మాటేనా అది!

ఆ రోజు నేను వంగి ఉంటే పళ్ళెంతో సహా పెద్దల ఒళ్ళో పడేదాన్ని. పడితే ఏమంటారో నీకు తెలుసు. “చనిపోయిన వాళ్ళ నానమ్మ, ఆ ముసలామె ఆత్మ పట్టింది, ఆ ఇంటి మీద పూర్వీకులకు కోపం” అంటారు. వంశం పట్టం నీకా, మీ చిన్నాన్న కొడుకు మాలాకి బాబాయికా అని అందరూ కూర్చుని తేల్చే సమయం ఇది. పొగరుబోతు కూతురున్నవాడికైనా పట్టం ఇస్తారు. ఆత్మ పట్టిన కూతురున్న ఇంటికి ఇవ్వరు. అందుకే పొగరుబోతుగా ఉండిపోదామనుకున్నాను. కానీ సాయంత్రం ప్రార్థనలో పిల్లల పేర్లు వరసగా చెబుతూ నా పేరు దగ్గర ఆగిపోతున్నావని అమ్మ చెప్పింది. అది మాత్రం మోయలేకపోయాను.

నువ్వు తెలుసుకుంటే చాలు. ఎవరికీ చెప్పకు. పట్టం నీదయ్యేదాకానే కాదు, అయ్యాక కూడా నేను ఊరికి రాను. వస్తే మళ్ళీ ఎవరో ఒకరు చేతిలో పళ్ళెం పెడతారు. అలిసిపోయాను నాన్నా.

నీ
ఫువాతినో


సవాయి,
ఆదివారం, చర్చి నుంచి వచ్చాక

ఫువాతినో తల్లీ,

నీ ఉత్తరం అంది రెండు వారాలైంది. ఒక్కడినే చదువుకోమన్నావు. కుదరలేదు. నా కళ్ళజోడు మీ అమ్మ దగ్గర ఉంటుంది. అది ఇవ్వడానికి ముందు ఆమె సగం చదివేసింది.

చెప్పొద్దన్న పని కూడా చేశాను. పట్టం గురించి కూర్చున్నప్పుడు మాలాకి లేచి, “మీ అమ్మాయి పెద్దల్ని లెక్కచెయ్యదు, అలాంటి ఇంటికి...” అని మొదలుపెట్టాడు. నేను ఊరుకోవాల్సింది. నువ్వు అంత కష్టపడి సంపాదించుకున్న చెడ్డపేరు కదా! ఊరుకోలేకపోయాను. జబ్బు సంగతి మొత్తం చెప్పేశాను. మాలాకి ముఖం వెలిగిపోయింది. “అదిగో, ముసలామె ఆత్మే!” అన్నాడు.

“మా అమ్మ సంగతి నాకు తెలియదా? ఆమె ఆత్మ వస్తే చెవికి చిల్లు పెట్టదురా, టారో దుంప ఉడికిందా లేదా అని అడుగుతుంది” అన్నాను. ముసలివాళ్ళంతా నవ్వారు. నవ్వి, పట్టం మాలాకికి ఇచ్చారు.

నీ వల్ల కాదని రాయబోయాను. పక్కనే కూర్చున్న మీ అమ్మ, “చదువుకున్న పిల్లకు అబద్ధం రాయకు” అంది. నీ వల్ల కూడా, తల్లీ. నాలుగు రోజులు నాకు అన్నం సయించలేదు. ఆ మాట దాచను. అయితే ఆ నాలుగు రోజుల్లో కూడా, బస్సు దగ్గర నీతో అన్న మాట తలుచుకుంటేనే ఎక్కువ కాలింది.

ఆపరేషన్ సంగతి నువ్వు వచ్చాక మాట్లాడుకుందాం. రానని మళ్ళీ రాయకు. వచ్చే నెల మాలాకి పట్టం విందు. పట్టం లేనివాడు వడ్డించాలి కదా, కాబట్టి పెద్దల ముందు ఎలాగూ వంగే పనే నాది. నువ్వు ఖాళీ చేతులతో రా. పళ్ళెం నేను మోస్తాను. నేను ముందు వంగి నడుస్తాను, నువ్వు నా వెనకే నిటారుగా రా. తులౌ ఇద్దరి తరఫునా నేనే చెబుతాను.

మీ నాన్న
ఇయోసువా