గేర్‌కు కోసిన అట్ట

సోమవారం రాత్రి, నీలం నగర్

వేళ్లకు నూనె జిడ్డు ఇంకా పోలేదు. అక్షరాలు వంకర పోతున్నాయి, తప్పులుంటే మన్నించాలి.

మా మరమగ్గం, ఈ సాంచె గేర్ నుంచి నూనె కారి నేసే చద్దర్ల మీద మరకలవుతున్నాయి. మిస్త్రీ రాలేదని నేనే విప్పాను. లోపలి ప్యాకింగ్ చిరిగింది. చద్దరులో బొమ్మను నడిపే జకార్డు అట్టలు అటక మీద ఉంటే, పాతదొకటి తీసి, ప్యాకింగ్ కొలతకు కోసి, గ్రీజు పూసి బిగించాను. చుక్క కారలేదు.

కొడుకు రమేశ్ నడిపి చూసి, "మిస్త్రీ కడుపు కొట్టినవ్ గదనే బాపు!" అని నవ్వాడు.

సాయంత్రం కోడలు లత బీడీలు చుడుతూ అంది: "మామా, నెమలి డిజైన్ కొత్త అట్టలు గూడ అటక మీదనే ఉన్నయ్, జర పైలం."

పోయి చూశాను. ఆ కట్టలోనే ఒక నంబరు లేదు; పాతదనుకుని నేను కోసింది అదే. ఒక్క అట్ట తక్కువైనా చద్దరులో నెమలి తెగిపోతుంది. రేపే రమేశ్ వాటిని సాంచెకు ఎక్కించేది. అన్నం దగ్గర చెబుదామనుకున్నాను. వాడు మళ్లీ మెచ్చుకున్నాడు. చెప్పకుండానే చెయ్యి కడుక్కుని లేచాను.

రమేశ్‌ది మరాఠీ బడి, తెలుగు చదవలేడు. లతా, ఈ డైరీ పేజీ చింపి, పొద్దున నీకు దొరికేలా చాయ్ గిన్నెలో పెడుతున్నాను. వాడు సాంచె దగ్గరికి పోకముందే చదివి వినిపించమ్మా. తిట్టినా సరే, ఏమన్నాడో జల్దీ వచ్చి చెప్పు.