ఫోనులో మాట్లాడిన అమ్మాయి

అమ్మకు నమస్కరించి రాయునది. ఇక్కడ నేనూ నీ అల్లుడూ కులాసా. పిన్ని ఇంట్లో నీకు బాగా జరుగుతోందనీ, కాళ్ళ వాపు తగ్గిందనీ తలుస్తాను.

ఫోనుకు దొరకనని ఉత్తరం రాశావు, సంతోషం. అడిగినవాటికి జవాబులు. నీ ఇంట్లో బురద ఎత్తించాను. కుట్టుమిషను బతికింది. చెక్క బీరువా ఉబ్బి తలుపు రావడం లేదు. సహాయకేంద్రం పని మానలేదు. బట్టల బజారు తగలబడినప్పుడు కాలినవాళ్ళ పక్కన కూర్చున్నాను, జ్వరాలప్పుడు ఇంటింటికీ మందులు మోశాను, ఈ వరదలో ఫోన్లు ఎత్తాను. "జీతం లేని ఉద్యోగానికి సెలవులు కూడా లేవా?" అని నీ అల్లుడు దెప్పుతూనే ఉన్నాడు.

ఇక ఆ అమ్మాయి సంగతి. "పడవ వచ్చేదాకా లైను వదల్లేదు, ఎంత ఓపికో! ఎవరో కనుక్కో. దాన్ని చూసి నేర్చుకో" అని రాశావు. చదివి ఒళ్ళు మండింది.

అది నేనేనమ్మా.

అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది, నువ్వు పోల్చుకోలేదు. నేను నీ గొంతు వెంటనే పోల్చుకున్నాను, అయినా అలవాటు కొద్దీ "ఇంట్లో ఇంకెవరున్నారండీ?" అన్నాను. ఒక్కదాన్నేనన్నావు. మీవాళ్ళెవరూ లేరా అని ఎందుకడిగానో!

"ఉందిలే తల్లీ, ఒక కూతురు. ఊరందరికీ కూతురే, నాకు తప్ప. ఫోన్ చేస్తే 'పనిలో ఉన్నా, తర్వాత చేస్తా' అంటుంది. ఆ తర్వాత అనేది రాదు."

అప్పుడే చెప్పాల్సింది. సిగ్గుతో కాదు, కోపంతో చెప్పలేదు. ఆ పొద్దున నేను చేస్తే "నీళ్ళూ లేవు, గీళ్ళూ లేవు, నీ పని చూసుకో" అని పెట్టేసిందెవరు? పరాయిదానికి చెప్పుకున్న భయం నాకు చెబితే నోటి ముత్యాలు రాలిపోయేవా?

అయినా నువ్వన్నదాంట్లో అబద్ధం లేదు. "భయపడకండి, నేనున్నాను" అన్నానే, అది మాకు నేర్పించిన మాట. ఫోన్ చేసిన ప్రతివాళ్ళకీ చెబుతాం. నీకెప్పుడూ చెప్పలేదని ఆ పూటే తెలిసింది. "ఏ తల్లి కన్న బిడ్డవో, చల్లగా ఉండు" అని పడవెక్కావు. ఫోను పెట్టేసి ఏడ్చాను.

పిన్ని వాళ్ళ వీధికీ నీళ్ళొస్తాయంటున్నారు. వస్తే నాకు చేయకు. ఆ సహాయకేంద్రం నంబరుకే చెయ్యి. అక్కడైతే తప్పకుండా ఎత్తుతాను.

ఇట్లు,
నీ కూతురు